నీరు పల్లమెరుగు

ఇల్లు కొనాలని బయలుదేరినవాళ్ల చెవిన మొదట పడేవి దిక్కులు. తూర్పు ఫేసింగేనా, ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఏమైనా తగులుతోందా, వంటగది ఆగ్నేయంలోనే ఉందా? ఆ తర్వాత గజాలు. నూటయాభై గజాలా, రెండు వందలా, గజం ఎంత పలుకుతోంది? ఆ తర్వాత రాబోయే వైభవాలు. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది కాబట్టి అటువైపు కొనమంటారు. గీసుగొండ, సంగెం మండలాల మధ్య మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది కాబట్టి ఇటువైపు కొనమంటారు. కాజీపేటలో రైల్వే ఫ్యాక్టరీ కడుతున్నారు కాబట్టి ఆ పక్కన ఇప్పుడే బయానా ఇచ్చేయమంటారు. హనుమకొండ, వరంగల్, కాజీపేట మూడూ కలిసిపోయిన ఈ నగరంలో ఏ మధ్యవర్తి దగ్గర కూర్చున్నా ఈ మాటలే వింటాం. మెరక ఏది, పల్లం ఏది అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. వరంగల్‌లో ఇల్లు చూసుకునేవాళ్లు అన్నిటికంటే ముందు అడగాల్సింది అదేనని నా గట్టి నమ్మకం. అందుకు కారణం ఈ ఊరి పుట్టుకలోనే ఉంది.

కాకతీయులు రాజధానిని నది ఒడ్డున కట్టుకోలేదు. గోదావరి ఉత్తరాన ఎక్కడో ఉంది, కృష్ణ దక్షిణాన ఇంకా దూరం. వాళ్ల చేతిలో ఉన్నది రాతి గుట్టల నేల, ఏడాదిలో నాలుగు నెలల వాన. ఆ వానను పట్టి నిలుపుకోవడం మీదే రాజ్యం నిలిచింది. రెండు గుట్టల మధ్య కట్ట వేసి చెరువు చేశారు. అది నిండి అలుగు దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి, అదీ నిండితే ఇంకా కిందికి పోయేలా గొలుసు కట్టారు. పాకాల, రామప్ప, లక్నవరం పేరున్న పెద్ద చెరువులు. ఊళ్లోని భద్రకాళి చెరువుదీ అదే పద్ధతి. మనుషులు మెరక మీద, నీళ్లు పల్లంలో, చెరువు కింద పొలం. 1163లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించిన నాటి నుంచి మా తాతల కాలం దాకా ఈ అమరిక పెద్దగా చెదరలేదు.

తర్వాత ఊరు పెరిగింది. 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి పునాది పడింది, అదే ఇప్పటి ఎన్‌ఐటీ. ఆ రోజుల్లోనే మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం. పిల్లల చదువుల కోసం నర్సంపేట, పరకాల, జనగామ, ములుగు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే హనుమకొండ చేరాయి. మా ఇంటాయన వాళ్లు వచ్చిందీ అట్లాగే. మెరక నేల ముందే నిండిపోయింది. మిగిలింది చెరువు కింద పొలాలు. నల్లాలు వచ్చాక, సాగు మానేశాక, ఆ పొలాలకు తూముతో పని లేకుండా పోయింది. మడులు ప్లాట్లయ్యాయి. అలుగు నీళ్లు పోయే కాలువ పక్కన ఒకరు ప్రహరీ కట్టారు, ఇంకొకరు దాని మీదే స్లాబు వేశారు. నీళ్లకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అవి పాత దారినే వస్తున్నాయి.

2020 ఆగస్టులో వచ్చాయి. నయీంనగర్ నాలా పొంగింది, కాలనీల్లో పడవలు తిరిగాయి, నాలాల మీది ఆక్రమణలు తొలగించాలని ప్రభుత్వం ఆదేశించింది. 2023 జూలై చివరి వారంలో మళ్లీ వచ్చాయి. ఆ వాన మామూలు వాన కాదు. పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ నమోదు కానంత వాన అది. హంటర్ రోడ్డు వైపు బొందివాగు పొంగి ఇళ్లను ముంచింది. జూలై 29న భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడితే ఇసుక బస్తాలతో పూడ్చారు. ఆ తర్వాత నయీంనగర్ పాత వంతెన కూల్చి కొత్తది కట్టారు, 2024 చివరలో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేశారు. మంచి పనులే. అయినా 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడు అవే పల్లాల్లోకి అవే నీళ్లు చేరాయి.

మేము ఇల్లు వెతికిన కాలం ఈ వానల తర్వాతిది. అందుకే కావచ్చు, ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడల్లా మా అత్తమ్మ వెంట వచ్చేది. ఆమెది నర్సంపేట పక్క పల్లె, చెరువు కింద వ్యవసాయం చేసిన ఇల్లు. మేము హాలు ఎంత పొడుగు, బెడ్రూముకు అటాచ్డ్ బాత్రూం ఉందా అని చూస్తుంటే ఆమె ఇంట్లోకే రాకుండా గేటు దగ్గర నిలబడి వీధిని చూసేది. పల్లంలో ఉన్న ఒక కాలనీలో ఆమె చూసిన చూపు నాకు చదువుకున్న ఏ పాఠం కంటే ఎక్కువ నేర్పింది.

ఇల్లు బాగుంది. రెండు బెడ్రూములు, తూర్పు ముఖం, కొత్తగా రంగులు వేశారు. ముందు గోడకు బయట నడుం ఎత్తు దాకా టైల్స్ అతికించారు. "అందానికి పెట్టించిన్రు అమ్మా, గోడ కడుక్కోవచ్చు" అన్నాడు మధ్యవర్తి. అత్తమ్మ ఏమీ అనలేదు. వీధి పొడుగునా నడిచింది. ప్రతి ఇంటికీ బయట గోడకు నడుం ఎత్తు దాకా టైల్సే. అన్ని ఇళ్లకూ కరెంటు మీటరు తలకంటే పైన, నిచ్చెన వేసుకుంటే గాని రీడింగు కనపడనంత ఎత్తున ఉంది. ఎదురింటి ఇనుప గేటు కింది సగం తుప్పుపట్టి ఎర్రగా ఉంది, పై సగం నున్నగా నల్లగా ఉంది, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు గీత. సంపు మూత చుట్టూ ఇటుకలతో రెండు వరసలు లేపారు. ఇక రోడ్డు. సిమెంటు రోడ్డు పాడైనప్పుడల్లా తవ్వి తీయకుండా దాని మీదే మళ్లీ పోస్తారు కదా, అట్లా పోసీ పోసీ రోడ్డు ఎత్తయింది, పాత ఇళ్ల వాకిళ్లు గుంతలో పడ్డాయి. మేము చూస్తున్న ఇంటి వాకిట్లోకి రోడ్డు మీంచి ఒక మెట్టు కిందికి దిగాలి. వాన నీళ్లూ అట్లాగే దిగుతాయి.

ఎదురింటి అరుగు మీద ఒక పెద్దాయన కూర్చున్నాడు. అత్తమ్మ పోయి ఆయన పక్కనే కూర్చుంది.

"అన్నా, వానాకాలం ఇక్కడ ఎట్లుంటది?"

ఆయన మధ్యవర్తి వైపు ఒకసారి చూసి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత లేచి, తన గుమ్మం పక్క గోడకు కొట్టిన మేకును చూపించాడు. నా భుజమంత ఎత్తున ఉంది. "ఇరవైల గడప దాటినయ్ చెల్లె. ఇరవై మూడుల ఈడిదాక వచ్చినయ్. మనుమరాలిని తీసుకొని డాబా మీదికి ఎక్కినం. బియ్యం, బట్టలు, పిల్ల పుస్తకాలు అన్ని పాయె."

"అమ్మేటోళ్లకు కోపమొస్తదేమో అన్నా, నువ్వు చెప్తే" అంది అత్తమ్మ.

"నాకైతె ఎవ్వలు చెప్పలే. చెప్పుంటె కొనకపోదును" అన్నాడాయన.

ఆ ఒక్క మాటతో ఆ వీధిలో తన ఇంటి ధర కూడా ఆయనే తగ్గించుకున్నాడు. ఆయన రిటైరైన చిన్న ఉద్యోగి, ఆ ఇల్లే ఆయన ఆస్తి. వరంగల్‌లో ఇల్లు వెతికినన్నాళ్లూ నాకు దొరికిన వాటిలో విలువైనది ఆ మాటే అనుకుంటాను.

కాగితాలు చూడొద్దని కాదు. తప్పకుండా చూడాలి. ఈసీ తీయించాలి, లింకు డాక్యుమెంట్లు వెనక్కి వెనక్కి వెళ్లి మొదటి పట్టాదారు దాకా చదవాలి. జీపీఏ మీదో, నోటరీ మీదో అమ్ముతామంటే లేచి వచ్చేయాలి. అట్లా రాయించుకుంటే ఆస్తి మీద హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. లేఅవుట్‌కు కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, లేకపోతే ఎల్‌ఆర్‌ఎస్ కింద క్రమబద్ధీకరణ రుసుము కట్టారా అడగాలి. అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం 2020 ఆగస్టు చివరలో ఆపేశాక చాలామంది మధ్యతరగతివాళ్లు అమ్ముకోలేక, కట్టుకోలేక ఇరుక్కుపోయారు. పెద్ద అపార్టుమెంటు అయితే రెరా నంబరు అడగాలి. ఖిలా వరంగల్‌లోనో, వేయిస్తంభాల గుడి దగ్గరో కొంటుంటే ఇంకో లెక్క ఉంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఖిలాలో తరాలుగా ఉంటున్నవాళ్లకు పై అంతస్తు వేసుకోవడం ఎంత కష్టమో అక్కడ ఎవరిని అడిగినా చెబుతారు. ఇవన్నీ బ్యాంకు లాయరు కూడా చూస్తాడు. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం కట్టాక కాగితాల్లో ఇల్లు మనదవుతుంది.

అయితే ఈ కాగితాల కట్ట మొత్తంలో ఆ ఇంటికి వాన నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో చెప్పే కాగితం ఒక్కటి లేదు. యజమాని ఎవరో ఈసీ చెబుతుంది, అప్పు ఉందో లేదో చెబుతుంది. సెట్‌బ్యాక్ ఎన్ని అడుగులో పర్మిషన్ ప్లాను చెబుతుంది. 2023 జూలైలో ఆ ఇంట్లో మంచం మునిగిందా లేదా ఎవరూ రాయరు. దగ్గరగా వచ్చేది ఒక్కటే, 2012 నాటి 168వ నంబరు జీవో. పది హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకు నిండు మట్టం నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు, పది మీటర్లకంటే వెడల్పు ఉన్న వాగుకు 9 మీటర్లు, అంతకంటే సన్నని నాలాకు 2 మీటర్లు వదలాలని అది చెబుతుంది. ఆ గీత దాటిన ఇల్లు కొనడం చట్టం దృష్టిలోనే ప్రమాదం. కానీ గీతకు ఇవతల ఉన్నంత మాత్రాన నీళ్లు రావని కాదు. రెండు మీటర్లు వదిలిన నాలా, పైనుంచి అలుగు దుంకినప్పుడు ఇరవై మీటర్లు పారుతుంది.

అందుకే పాత గ్రామ నక్ష చూడమంటాను. రెవెన్యూ ఆఫీసులో ఉంటుంది, సర్వే నంబర్ల మధ్య వాగులు, కుంటలు, శిఖం భూములు గీసి ఉంటాయి. ఇప్పటి ఫోన్ మ్యాపులో కాలనీ పేరు, కిరాణా దుకాణం కూడా కనిపిస్తాయి గాని, అక్కడ ఒకప్పుడు కుంట ఉండేదని కనిపించదు. నక్షలో వాగు గీత మన ప్లాటు మీద నుంచి పోతుంటే ఇంటి ముఖం తూర్పుకున్నా ప్రయోజనం లేదు.

వాస్తు సంగతికి వస్తే, సిద్ధాంతుల మీద నాకు గౌరవమే ఉంది. నేల ఈశాన్యానికి వాలుగా, నైరుతి ఎత్తుగా ఉండాలని వాళ్లు చెప్పేది వాలు గురించే కదా. మా బంధువుల ఇంటి పునాదికి ఒకాయన వచ్చి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి నాలుగు మూలల మట్టం అంగుళాల లెక్కన కొలిచాడు. ఎంతో శ్రద్ధ. ఆ శ్రద్ధ ప్రహరీ దాటి ఒక్క అడుగు బయటికి రాలేదు. రెండు వందల గజాల లోపల ఈశాన్యం మూల నాలుగు అంగుళాలు పల్లంగా ఉందో లేదో చూసి, కాలనీ అంతా ఊరికంటే ఎన్ని అడుగులు పల్లంలో ఉందో చూడకపోవడం నాకు బాధ కలిగించింది. కొలవడం తెలిసినవాళ్లే కొంచెం దూరం కొలిస్తే ఎంత మేలు!

మెరక దొరికితే చాలు, అన్నీ కుదిరినట్టేనా అంటే కాదు. మేము చివరికి కొన్నది కాజీపేట వైపు రాతి నేల మీది పాత ఇల్లు. పడమటి ముఖం. అందుకే కొంచెం తక్కువకు వచ్చింది. బండరాయి కాబట్టి బోరు లోతుకు పోతే గాని నీళ్లు పడవు, వేసవిలో అవీ తగ్గిపోతాయి. నల్లా నీళ్లు పైకి ఎక్కాలంటే ప్రెషర్ చాలదు, వీధిలో అందరికంటే ఆలస్యంగా వస్తాయి. పిల్లలు సైకిల్ తొక్కుకుంటూ బడికి పోవాలంటే ఎగుడు. అయినా వాన మొదలైన రాత్రి లేచి కూర్చుని నీళ్లు ఏ మెట్టుకు వచ్చాయో చూసుకునే పని లేదు. చీకట్లో చిన్నపిల్లను ఎత్తుకుని డాబా ఎక్కాల్సిన పని లేదు. దాని ముందు నల్లా ఆలస్యం ఒక లెక్కా?

ఇక్కడితో ఆగిపోతే ఇది ఒక కుటుంబం తెలివిగా ఇల్లు కొనుక్కున్న కథ అవుతుంది. నన్ను వదలకుండా పట్టుకున్నది ఇంకొకటి. మేము వద్దనుకున్న ఆ ఇల్లు ఖాళీగా లేదు. కొన్నాళ్లకు అటు పోయినప్పుడు గేటుకు మామిడాకుల తోరణం కనిపించింది, వాకిట్లో చిన్న పిల్లల సైకిలు ఉంది. వాళ్లకు ఆ పెద్దాయన చెప్పాడో లేదో, చెప్పినా వాళ్లకున్న డబ్బుకు ఇంకోచోట దొరికేది లేదో నాకు తెలియదు. నీళ్లు వచ్చే వీధుల పేర్లు ఈ ఊళ్లో కొత్తవేమీ కాదు. సమ్మయ్యనగర్, ఎన్టీఆర్ నగర్, సంతోషిమాత కాలనీ. ప్రతి వరదకూ పేపర్లో అవే పేర్లు. అక్కడివాళ్లలో చాలామందికి ఇల్లు ఎంచుకునే వెసులుబాటు లేదు. బీడీలు చుట్టేవాళ్లు, హమాలీలు, ఆటో నడిపేవాళ్లు, వాళ్ల చేతిలో ఉన్న డబ్బుకు దొరికిన నేల అదే. మెరకకు ఒక ధర, పల్లానికి ఒక ధర ఉన్నప్పుడు డబ్బున్నవాళ్లు మెరక ఎక్కుతారు, లేనివాళ్లు నీళ్ల దారిలో మిగులుతారు. మాలాంటి మధ్యతరగతివాళ్లు అడిగి, తిరిగి, తెలుసుకుని తప్పుకుంటారు. ఇది ఇల్లు కొనేవాడి తెలివికి వదిలేయాల్సిన విషయం కాదు.

జపాన్‌లో వరద వచ్చే ఊళ్లలో కరెంటు స్తంభాల మీద నీళ్లు ఎంత ఎత్తుకు రావచ్చో గీత గీసి బోర్డులు పెట్టే పద్ధతి 2006 నుంచి ఉంది. సరిగ్గా మన నయీంనగర్ మునిగిన 2020 ఆగస్టులోనే అక్కడ ఇంకో నియమం అమల్లోకి వచ్చింది. ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటు, ఒప్పందానికి ముందే ఆ ఇల్లు వరద పటంలో ఎక్కడుందో చూపించి కొనేవాళ్లకు వివరించి తీరాలి. దాచిపెడితే తప్పు అతనిదే. మన దగ్గర దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. 2020లో, 2023లో, 2025లో ఏ వీధికి ఎంత నీళ్లు వచ్చాయో కార్పొరేషన్ సిబ్బందికి తెలుసు, పంపులు పెట్టి తోడింది వాళ్లే. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ప్రతి వీధిలో ఒక స్తంభం మీద ఆ మూడు గీతలు గీయించవచ్చు. నగరానికి 2041 దాకా మాస్టర్ ప్లాను ఆమోదమైంది కదా, అందులో రోడ్లకు, పరిశ్రమలకు రంగులు వేసినట్టే నీళ్లు నిలిచే చోటుకూ ఒక రంగు వేసి, ఆ పటాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద అంటించవచ్చు. ధరలు పడిపోతాయని కొందరు గొడవ చేస్తారు. పడనివ్వండి. ఆ ధర నిజమైనది కాదు, దాచిన దాని మీద నిలబడిన ధర. నాలాలు వెడల్పు చేసి, పల్లాల్లోని కుటుంబాలకు మెరక మీద ఇళ్లు ఇచ్చాకే ఆ గీతలు చెరిపేయాలి.

అదంతా జరిగేలోపు చేయగలిగేది మనలోనే ఉంది. ఇల్లు కొనేవాళ్లు బయానా ఇచ్చేముందు ఒక ముసురు రోజున, పొద్దున కాకుండా రాత్రి, ఆ వీధికి వెళ్లి నిలబడండి. ఎదురింటివాళ్లను, మూల మీది టీ కొట్టు అతన్ని, ఇస్త్రీ బండి ఆమెను అడగండి. అమ్మేవాళ్లను మాత్రమే అడిగి తిరిగి రాకండి. ఇక ఆ వీధిలో ఇప్పటికే ఉంటున్నవాళ్లకు నాదొక విన్నపం. ఎవరో తెలియని కుటుంబం మీ గుమ్మం ముందు ఆగి వానాకాలం ఇక్కడ ఎట్లుంటదని అడిగితే, మీ ఇంటి ధర గురించి ఆలోచించకుండా, నీళ్లు ఎందాక వచ్చాయో చెయ్యి పెట్టి చూపించండి.